ఉద్యోగం మారే ముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఉద్యోగం మారడం గురించే ఉన్నాయి. వరసగా చదువుకుంటూ పోతే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపించింది. మారాలా వద్దా అని నెలల తరబడి మథనపడుతున్నవాళ్లు కూడా, వెళ్లబోయే చోటు ఎలాంటిదో ఒక్కరోజైనా కూర్చుని ఆరా తీయడం లేదు. అందుకే ఈసారి జవాబులు ఎక్కువగా ఆ వైపే మొగ్గుతాయి. పేరు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, ఏడేళ్లుగా ఒకే కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. ఆదివారం సాయంత్రం అయ్యేసరికి మర్నాడు ఆఫీసుకు వెళ్లాలన్న ఆలోచనకే గుండె దడ మొదలవుతుంది. రేపే రిజైన్ చేసేసి తర్వాత నిదానంగా వెతుక్కుందామనుకుంటున్నాను. చేతిలో ఇంకొకటి లేకుండా మానేయొద్దని మావారు అంటున్నారు. ఎవరి మాట కరెక్ట్?

జవాబు: రిజైన్ సంగతి తర్వాత చూద్దాం. మీకు అసలు పడనిది ఏమిటి? పనా, పై అధికారా, జీతమా, పనిగంటలా, ఏడేళ్లయినా ఉన్నచోటే ఉండిపోవడమా? ఇప్పుడున్న కోపంలో 'అన్నీ' అనిపిస్తుంది, అది సహజమే. కానీ ఒక్కోదానికి దారి వేరు. మేనేజర్‌తోనే ఇబ్బందైతే అదే కంపెనీలో ఇంకో టీమ్‌కి మారినా తీరిపోవచ్చు. జీతమే సమస్యైతే ఇదే పనికి బయట ఎంతిస్తున్నారో కనుక్కుంటే సగం తేలిపోతుంది. పని మీదే విరక్తి పుట్టిందనుకోండి, ఏ కంపెనీకి వెళ్లినా అవే లెక్కలు, అదే నెలాఖరు హడావుడి, ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు.

ఒక రెండు మూడు వారాలు, ఆఫీసు నుంచి వచ్చాక రోజుకు రెండు మూడు వాక్యాలు రాసిపెట్టుకోండి. పెద్ద డైరీ ఏమీ అక్కర్లేదు, ఇలా ఉంటే చాలు: 'మంగళవారం. బ్యాంకు లెక్కలు సరిచూస్తున్నంతసేపూ టైమే తెలియలేదు. మూడింటికి మీటింగులో అందరి ముందూ సార్ అరిచారు. అప్పటి నుంచి తలనొప్పి.' ఇలాంటివి కొన్ని పోగయ్యాక వరసగా చదవండి. తలనొప్పి ప్రతిసారీ ఒకే మనిషి దగ్గర మొదలవుతోందా, ఒకే పని దగ్గరా, లేక ఏ రోజైనా సరే ఎనిమిది దాటాక మొదలవుతోందా అన్నది కాగితం మీద కనపడుతుంది. కొత్త ఉద్యోగంలో ఏది ఉండి తీరాలో, ఏది ఉండకూడదో ఆ కాగితమే చెబుతుంది. అది తెలియకుండా మారితే పెనం మీంచి పొయ్యిలో పడే ప్రమాదం ఎక్కువ.

ఇక మీ వారి మాట. ఉద్యోగంలో ఉంటూనే వెతుక్కోవడం మంచిదని నేనూ అంటాను. 'ఎక్కడైనా సరే' అన్న తొందర ఉండదు, జీతం గురించి మాట్లాడేటప్పుడు గట్టిగా నిలబడగలుగుతారు. ముందే మానేయాలనుకుంటే మాత్రం డబ్బు లెక్క సరిగ్గా వేసుకోండి. చాలామంది వెతకడానికి పట్టే నెలలనే లెక్కేస్తారు. ఆఫర్ వచ్చాక చేరే తేదీ దాకా పట్టే సమయం, చేరాక మొదటి జీతం చేతికొచ్చే దాకా గడవాల్సిన నెల, ఈ రెండూ మర్చిపోతారు. వెతకడానికి నాలుగు నెలలు అనుకుంటే ఇంటి ఖర్చుకు ఆరు నెలలది ఉండాలి. అప్పుల వాయిదాలు కూడా అందులో కలిపే లెక్కేయాలి.

అయితే ఒక మాట. ఆరోగ్యం నిజంగా దెబ్బతింటున్నా, వేధింపులు ఎదురవుతున్నా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టాల్సిందే. గుండె దడ, నిద్ర పట్టకపోవడం వారాల తరబడి ఉంటే ముందు డాక్టర్ని కలవండి. సెలవు పెట్టే వీలుంటే పెట్టండి. అలసిపోయిన మనసుతో తీసుకున్న నిర్ణయం ఉండిపోవడమైనా, వెళ్లిపోవడమైనా సరిగ్గా రాదు.

ప్రశ్న: వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్‌ని. జాబ్ సైట్లలో కనపడిన ప్రతిదానికీ అప్లై చేశాను. కాల్స్ లేవు, కనీసం రిజెక్ట్ మెయిల్ కూడా లేదు. నాలోనే ఏదో లోపం ఉందేమో అనిపిస్తోంది. సిఫార్సు చేసేవాళ్లు కూడా నాకెవరూ లేరు.

జవాబు: లోపం మీలో కాదు, వెతికే పద్ధతిలో ఉండి ఉంటుంది. కనపడిన ప్రతిదానికీ ఒకటే రెజ్యూమే పంపితే అది ఎవరికీ సరిగ్గా అతకదు. పెద్ద కంపెనీలు చాలావరకు దరఖాస్తుల్ని ముందు సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించుకుంటాయి. ప్రకటనలో అడిగిన నైపుణ్యాల పేర్లు మీ రెజ్యూమేలో కనపడకపోతే మనిషి కంటి దాకా వెళ్లకపోవచ్చు. మీకు నిజంగా వచ్చిన పనుల్ని ప్రకటనలో వాడిన మాటలతోనే రాయండి. రాని పనిని మాత్రం రాయకండి. రంగురంగుల డబ్బాలు, గ్రాఫులు తీసేసి మామూలుగా ఉంచండి.

'స్టాక్ నిర్వహణ, సిబ్బంది పర్యవేక్షణ బాధ్యతలు నిర్వర్తించాను' అని మీ రెజ్యూమేలో ఉందనుకుందాం. సూపర్‌వైజర్లందరూ ఈ వాక్యమే రాస్తారు. దాన్నే ఇలా రాయొచ్చు: '12 మందితో మూడు షిఫ్టులు నడిపాను. సరుకు లారీ ఎక్కే ముందు రెండోసారి స్కాన్ చేసే పద్ధతి పెట్టాక, తప్పుడు డెలివరీలు నెలకు 40 నుంచి 15కి తగ్గాయి.' అంకెలు ఉదాహరణకే రాశాను, మీవి మీరు వేసుకోండి. ఎంతమందితో చేశారు, ఏం మార్చారు, దానివల్ల ఏమైంది, ఈ మూడూ ఉంటే చదివేవాళ్లకు మీ షిఫ్టు కళ్లముందు కనపడుతుంది. ఇంటర్వ్యూలో అడిగేదీ ఆ స్కానింగ్ గురించే అవుతుంది, మీకు బాగా తెలిసిన విషయమే కాబట్టి ధైర్యంగా మాట్లాడతారు.

సిఫార్సు సంగతికొస్తే, మీకు ధైర్యం కలిగించే పరిశోధన ఒకటుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనొవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను 'ఆ మనిషిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారు' అని అడిగిన ఫలితాలు ఉన్నాయి. తరచూ కలిసేవాళ్ల ద్వారా దొరికింది 17 శాతం లోపే. అప్పుడప్పుడు కలిసేవాళ్ల ద్వారా 55 శాతానికి పైగా, ఏడాదికోసారి కలవడమే గగనమైనవాళ్ల ద్వారా దాదాపు 28 శాతం. కారణం తేలికగానే అర్థమవుతుంది. మన దగ్గరివాళ్లకు తెలిసిన ఖాళీలు మనకూ తెలిసినవే అయి ఉంటాయి, కొత్త కబురు మన చుట్టుపక్కల లేనివాళ్ల దగ్గరే ఉంటుంది. 2022లో లింక్డ్ఇన్ వాడే దాదాపు 2 కోట్ల మంది సమాచారంతో చేసిన అధ్యయనంలోనూ ఇంచుమించు ఇదే తేలింది. మరీ దగ్గరివాళ్లకన్నా కొద్దిపాటి పరిచయం ఉన్నవాళ్లవల్లే ఉద్యోగం మారే అవకాశం ఎక్కువగా కనిపించింది. అసలు ముక్కూమొహం తెలియనివాళ్లవల్ల మాత్రం అంత లాభం లేదు.

కాబట్టి 'నాకెవరూ లేరు' అనుకోకండి. పాత కంపెనీలో మీతో పనిచేసి వెళ్లిపోయినవాళ్లు, సరుకు తెచ్చే ట్రాన్స్‌పోర్ట్ సంస్థల వాళ్లు, ఎప్పుడో ట్రైనింగ్‌లో పక్కన కూర్చున్నవాళ్లు, వీళ్లందరూ లెక్కలోకొస్తారు. ఉద్యోగం ఇప్పించమని అడగకండి, అడిగించుకున్నవాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. ఇలా మెసేజ్ పెట్టండి: 'అన్నా, బాగున్నారా? పాత వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులో కలిసి చేశాం. మీరిప్పుడు ఉన్నచోట పని ఎలా ఉంటుందో తెలుసుకుందామని. వీలు చూసుకుని పావుగంట మాట్లాడగలరా?' పావుగంటకు చాలామంది కాదనరు. మాట్లాడేటప్పుడు ఆ కంపెనీ మంచిచెడులు వింటారు, ఖాళీ పడితే వాళ్లకు మీరు గుర్తుంటారు. ఈ పని చేయడానికి మొహమాటపడతాం గానీ, వారానికి రెండు ఫోన్లు మాట్లాడినా గుడ్డిగా పంపే దరఖాస్తులకన్నా ఎక్కువ తెలుస్తుంది.

ప్రశ్న: 'ఇప్పుడున్న ఉద్యోగం ఎందుకు వదిలేస్తున్నారు' అని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెప్పాలి? నిజం చెబితే మా బాస్ గురించి చెడ్డగా చెప్పాల్సి వస్తుంది.

జవాబు: అబద్ధం వద్దు, చాడీలూ వద్దు. వెళ్లేచోట ఏం కావాలనుకుంటున్నారో అది చెప్పండి. 'అక్కడ నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాను, ఇప్పుడు సొంతంగా ప్రాజెక్టు నడిపే పని కావాలి, మీ ప్రకటనలో అది కనపడింది' అంటే చాలు. రెండు వాక్యాల్లో ముగించి ఆగిపోండి. బాస్ గురించి రెట్టించి అడిగినా వివరాల్లోకి దిగకండి.

ప్రశ్న: రెండు ఆఫర్లు వచ్చాయి సార్. ఒకటి ఇప్పటి జీతం మీద 40 శాతం ఎక్కువ, రెండోది 20 శాతమే ఎక్కువ. ఇంట్లో అందరూ మొదటిదే తీసుకోమంటున్నారు. నాకెందుకో రెండోదాని మీద మనసుంది. బుద్ధి తక్కువ పని చేస్తున్నానా?

జవాబు: కాదు. కానీ మనసు ఎందుకు అటు లాగుతోందో కాగితం మీద పెట్టండి. ముందు ఆ 40 శాతంలో నెలనెలా చేతికొచ్చేది ఎంతో విడదీయండి. ఆఫర్ లెటర్‌లో మొత్తం ప్యాకేజీ అని రాసినదాంట్లో వేరియబుల్ పే ఉంటుంది, అది కంపెనీ లాభాల మీదో, మీ రేటింగ్ మీదో ఆధారపడుతుంది. 'గత రెండేళ్లలో ఈ టీమ్‌కి వేరియబుల్ ఎంత శాతం చెల్లించారు?' అని హెచ్ఆర్‌ను సూటిగా అడగండి. అడగడం తప్పు కాదు, జవాబు దాటవేస్తే ఆ మొత్తాన్ని మీ లెక్కలోంచి తీసేయండి. జాయినింగ్ బోనస్ ఉంటే, ఎన్నాళ్లలోపు మానేస్తే తిరిగి కట్టాలో చూడండి. షేర్లు ఇస్తామంటే అవి ఒక్కసారిగా రావు. చాలా కంపెనీల్లో నాలుగేళ్లపాటు విడతలుగా ఇస్తారు, మొదటి ఏడాది నిండకుండా వెళ్లిపోతే సాధారణంగా ఒక్కటి కూడా రాదు.

ఆ తర్వాత ఇప్పుడున్నచోట వదిలేసుకుంటున్నది ఎంతో కూడా లెక్కేయాలి. ఏడాది బోనస్ వచ్చే నెలలో పడుతుందంటే రాజీనామా తేదీ అటూ ఇటూ జరపడం మీ చేతిలో పని. వాడుకోని సెలవులకు డబ్బిస్తారా, కంపెనీ పంపిన కోర్సు ఫీజు తిరిగి కట్టాలా, సర్వీసు కొన్ని నెలల్లో నిండితే వచ్చే ప్రయోజనం ఏదైనా ఉందా, ఇవి చూడండి. ఆరోగ్య బీమా పాతది ఏ రోజుతో ఆగిపోతుంది, కొత్తది ఏ రోజు మొదలవుతుంది, ఇంట్లోవాళ్లందరికీ వర్తిస్తుందా అన్నది తప్పకుండా అడగండి. మధ్యలో వచ్చే ఖాళీ రోజుల్లోనే ఆసుపత్రి అవసరం పడితే ఆ కుటుంబం పడే ఇబ్బంది మామూలుగా ఉండదు.

డబ్బు తేలాక మనుషుల సంగతి. మీ పైన ఉండబోయే మేనేజర్‌తో ఇంటర్వ్యూ కాకుండా విడిగా ఒకసారి మాట్లాడే వీలు కల్పించమని అడగండి. నేనైతే రెండే ప్రశ్నలు అడగమంటాను. 'ఈ సీటులో నాకు ముందున్నవాళ్లు ఎందుకు వెళ్లారు?' 'ఆరు నెలలు తిరిగాక, నేను బాగా చేస్తున్నానని మీరు దేన్ని చూసి అనుకుంటారు?' మొదటిదానికి తడబడినా, మానేసి వెళ్లినవాళ్లను తిట్టడం మొదలుపెట్టినా జాగ్రత్త పడండి. రెండోదానికి స్పష్టమైన జవాబు లేకపోతే, మీనుంచి ఏం కావాలో వాళ్లకే ఇంకా తెలియదన్నమాట. ఆ కంపెనీలో పనిచేసి బయటికొచ్చినవాళ్లు ఒకరిద్దరితో మాట్లాడగలిగితే ఇంకా మంచిది, లోపలివాళ్లు చెప్పలేనివి వాళ్లు చెబుతారు. ఇవన్నీ చూశాక కూడా రెండో ఆఫరే బాగుందనిపిస్తే నిశ్చింతగా తీసుకోండి. తీసుకునే ముందు జీతం కొంచెం పెంచమని అడగండి కూడా. సంతకం పెట్టాక అడిగితే ఎవరూ వినరు. ఎంత కావాలో ఒక అంకె, ఎందుకు కావాలో ఒక కారణం, చేరే తేదీ లాంటి మిగతా కోరికలతో కలిపి ఒకేసారి అడగండి. రోజుకొకటి అడిగితే విసుక్కుంటారు.

ప్రశ్న: రిజైన్ చేశానో లేదో మా డైరెక్టర్ పిలిచి, కొత్త కంపెనీ ఇచ్చేంత మేమే ఇస్తాం ఉండిపొమ్మన్నారు. ఇన్నాళ్లూ అడిగితే ఇవ్వలేదు. ఏం చేయను?

జవాబు: మీరు వెళ్లాలనుకున్న కారణాల్లో జీతం తప్ప ఇంకేమీ లేకపోతే, ఆ మాట కాగితం మీద వచ్చిందంటే, ఆలోచించొచ్చు. వేరే కారణాలుంటే జీతం పెరిగినంత మాత్రాన అవి పోవు. అదే మేనేజర్, అవే పనిగంటలు, రెండు నెలలకు పాత చిరాకే తిరిగొస్తుంది. దానికి తోడు మీరు ఒకసారి వెళ్లబోయారన్న సంగతి వాళ్లకు గుర్తుంటుంది. కొత్తవాళ్లకు ఇప్పటికే సరేనని చెప్పి ఉంటే, మాట తప్పడం వల్ల అక్కడ తలుపు మూసుకుపోవచ్చు, అది కూడా లెక్కలోకి తీసుకోండి. వెళ్లడానికే నిర్ణయించుకుంటే ఎక్కువ వివరణలు వద్దు. 'మీరు ఉండమన్నందుకు సంతోషం సార్, కానీ నిర్ణయం తీసుకున్నాను. వెళ్లేలోపు పని మొత్తం అప్పగించి వెళతాను' అనండి, ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. సంతకాలతో ఆఫర్ లెటర్ చేతికి రాకుండా, 'మీరు సెలెక్టయినట్టే' అన్న ఫోన్‌ను నమ్మి రాజీనామా ఇవ్వకండి. బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయ్యాకే ఆఫర్ ఖాయమని లెటర్‌లో ఉంటే అది అయ్యేదాకా ఆగండి. ఇప్పటి కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందంలో నోటీస్ పీరియడ్ ఎంతుంది, పోటీ సంస్థలో చేరకూడదన్న షరతు ఉందా అని మళ్లీ ఒకసారి చదవండి. రాజీనామా లేఖ నాలుగు వాక్యాలకు మించనక్కర్లేదు: రాజీనామా చేస్తున్నాను, చివరి పనిదినం ఫలానా తేదీ, పని అప్పగింతకు సహకరిస్తాను, ధన్యవాదాలు. కోపం తీర్చుకోవడానికి అది చోటు కాదు. కంపెనీ ఫైళ్లు మీ సొంత మెయిల్‌కి పంపుకోవద్దు, అందులో మీరే తయారుచేసినవి ఉన్నా సరే. చివరి రోజున రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం, పాత జీతపు స్లిప్పులు తీసుకోకుండా బయటికి రావద్దు, తర్వాత వాటికోసం తిరగడం చాలా కష్టం.

ప్రశ్న: వయసు 44. ఇరవై ఏళ్లుగా స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. కంపెనీల్లో ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే రంగంలోకి రావాలని ఉంది. ఈ వయసులో సాధ్యమేనా మేడమ్?

జవాబు: మాస్టారూ, మీరెంచుకున్న దారి మీకు పరాయిది కాదు. అర్థం కానివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం మీకు చేతనైన విద్య, వినేవాళ్లే మారుతున్నారు. అయినా ఉద్యోగం వదిలేసి పెద్ద కోర్సులో చేరకండి. ముందు ఆ పని చేస్తున్నవాళ్లు ఇద్దరు ముగ్గురిని కలిసి, వాళ్ల వారం ఎలా గడుస్తుందో అడగండి. క్లాసు చెప్పే గంటలకన్నా స్లయిడ్లు తయారుచేయడం, మేనేజర్లతో మీటింగులు, శిక్షణవల్ల ఫలితం వచ్చిందని చూపించే రిపోర్టులు ఎక్కువగా ఉండొచ్చు. అది మీకు నచ్చుతుందా లేదా అన్నది అసలు ప్రశ్న. తర్వాత సెలవు రోజుల్లో చిన్న పని ఒకటి ఒప్పుకోండి, ఏదైనా చిన్న సంస్థ సిబ్బందికి స్ప్రెడ్‌షీట్ లెక్కల మీద రెండు క్లాసులు చెప్పినా చాలు. నచ్చిందో లేదో తెలుస్తుంది, రెజ్యూమేలో రాయడానికీ ఉంటుంది. మొదట్లో జీతం తగ్గే అవకాశం ఉంది కాబట్టి, ఇంట్లో కూర్చుని ఎంతవరకు తగ్గితే నెట్టుకురాగలమో ముందే మాట్లాడుకోండి. ఆ అంకె తెలిస్తే ఇంటర్వ్యూలో తడబడరు.

ప్రశ్న: మా అమ్మాయి చేరి ఏడాది కూడా కాలేదు, అప్పుడే మారతానంటోంది. ఇలా గెంతుతూ పోతే ఎవరు ఉద్యోగమిస్తారమ్మా?

జవాబు: ఒక్కసారి త్వరగా మారినంత మాత్రాన ఏమీ కాదండీ. వరసగా మూడు చోట్లా అలాగే జరిగితే అడుగుతారు. ఎందుకు మారాలనుకుంటోందో కోప్పడకుండా వినండి. చెప్పిన పని ఒకటి, చేయిస్తున్న పని ఇంకొకటి అయితే మారడమే మంచిది. స్నేహితులకు ఎక్కువ జీతాలు వస్తున్నాయన్నదొక్కటే కారణమైతే, చేతిలో ఉన్న ప్రాజెక్టు పూర్తిచేసి చెప్పుకోదగ్గ పని ఒకటి సంపాదించుకున్నాక వెళ్లమనండి.

ప్రశ్న: ఎంతో ఇష్టపడి మారాను. మొదటి నాలుగైదు నెలలు బాగుంది. ఇప్పుడు ఎనిమిదో నెల, అంతా చప్పగా అనిపిస్తోంది. తప్పు చేశానా? మళ్లీ వెతకడం మొదలుపెట్టాలా?

జవాబు: మీరు చెప్పింది చాలామందికి జరిగేదే. వెండీ బాస్వెల్, మరో ఇద్దరు పరిశోధకులు ఉన్నతస్థాయి మేనేజర్లను కొన్నేళ్లపాటు గమనించి 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఉద్యోగం మారే ముందు సంతృప్తి బాగా పడిపోతుంది, మారగానే పెరుగుతుంది, ఆ తర్వాత మళ్లీ తగ్గుతుంది. కొత్తలో మనకు మంచే కనపడుతుంది, వాళ్లూ మనకు మంచే చూపిస్తారు. కొన్నాళ్లకు రోజువారీ పని బయటపడుతుంది. కాబట్టి ఈ చప్పదనాన్ని చూసి కంగారుపడి రెజ్యూమే తీయకండి.

మారే ముందు మీకు ఏమేం కావాలనుకున్నారో గుర్తు తెచ్చుకుని, అవి ఇక్కడ దొరికాయా అని చూసుకోండి. దొరికితే, ఇప్పుడు లేనిది కొత్తదనం మాత్రమే. దానికి మేనేజర్ దగ్గరికి వెళ్లి కొత్త పని ఒకటి అడగడం సరిపోతుంది. 'చేరి ఎనిమిది నెలలైంది, నా పని గురించి మీ అభిప్రాయం చెప్పండి, వచ్చే ఆరు నెలల్లో ఇంకేం చేపట్టొచ్చు' అని అడిగితే వినని మేనేజర్లు తక్కువ. అనుకున్నవి దొరకలేదా, ఇంటర్వ్యూలో ఇచ్చిన మాట ఏదైనా తప్పారా, అప్పుడు అది ఏ మాటో పేరుపెట్టి అడగండి. రెండు నెలలు గడువు ఇవ్వండి. అప్పటికీ కదలిక లేకపోతే వెతకడం మొదలుపెట్టండి, ఈసారి మేనేజర్‌ను అడగాల్సిన ప్రశ్నలు మీకు ఇంకా బాగా తెలుసు.